గుర్రం మీద కాలు నిలిచేదాకా

ఉదయం ఐదూ నలభైకి మా అత్త నా కాలి పట్టీలు తీసేసింది. సమయం ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం, కొత్త కాపురంలో నేను చేతి గడియారం విప్పకుండా ఇంట్లో తిరిగేదాన్ని. నంద్యాల నుంచి వచ్చి అప్పటికి ఏడు నెలలు. గడియారం కనబడినప్పుడల్లా ఆమె, "ఏమ్మే, రైలుకు పోవల్లనా?" అని ఎగతాళి చేసేది. ఆ రోజు చేయలేదు. కొట్టం ముందర బండ మీద కూర్చుని నా పాదాన్ని తన ఒళ్లోకి లాక్కుంది. అత్త ఒళ్లో కాలు పెట్టడమా అని నేను వెనక్కి తీసుకోబోయాను.

"ఉండుమే. గుర్రం కాలు పట్టుకుంటాను, నీ కాలు పట్టుకోకూడదా?" అంటూ పట్టీ కొక్కెం గోటితో విప్పింది. "ఇవే తంటా. నువ్వు భయపడతావు. మడమలు బిగిస్తావు. ఇవి దాని పక్కలో గుచ్చుకుంటాయి. అది ఉరుకుతాది. నువ్వు ఇంకా భయపడతావు, ఇంకా బిగిస్తావు. అది పాపం, పొమ్మంటాండారు గదా అని ఇంకా ఉరుకుతాది."

అంతకు ముందు మూడు రోజుల్లో నేను రెండుసార్లు గుర్రం మీద నుంచి పడ్డాను. ఆ ఆడగుర్రానికి పొగరని ఇంట్లో అందరం అనుకున్నాం. పెళ్లైన పిల్ల బోడికాళ్లతో తిరగకూడదని మా అమ్మ చేయించి పంపిన పట్టీలవి, మువ్వలతో సహా. గుర్రం ఎక్కేటప్పుడైనా తీయాలని నాకు తోచలేదు. మా అత్తకు కూడా మూడు రోజులు తోచలేదు. మెట్టెల జోలికి మాత్రం ఆమె పోలేదు. "అవి ఉండనీ. పాదం యాడ పెట్టల్లో చెప్తా, తగలవు," అంది.

ఇదంతా డెబ్బైల చివరి మాట. మా ఊరు ఆళ్లగడ్డకు ఏడెనిమిది మైళ్లు. మా పొలంలో సగం ఊరి పక్కన, సగం వాగు అవతల. అంతా నల్లరేగడి. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత పగుళ్లు, నాలుగు వానలు పడ్డాక మోకాటి దాకా బురద. అప్పుడు బండి పోదు, సైకిలు పోదు. నడిచి పోతే కాళ్లకు రెండేసి శేర్ల మన్ను అంటుకుంటుంది. గుర్రం ఒక్కటే పోతుంది.

మా మామ చిన్న వయసులో పోయాడు. ఇద్దరు మగపిల్లలతో మిగిలిన మా అత్త దినకర్మలు అయిన తర్వాతి వారం చీర కచ్చ పోసి కట్టుకుని, ఆయన గుర్రమెక్కి వాగవతలి చేనికి పోయిందట. ఊరు కొన్నాళ్లు నోరు చేసుకుంది. తర్వాత అలవాటు పడింది. నేను వచ్చేసరికి ఆమె ఎక్కుతున్నది మూడో గుర్రం. ఎర్రటిది, నుదుట చిన్న తెల్లమచ్చ. ఆమెకు అరవై దాటాయి, కుడి మోకాలు సరిగా వంగదు. నేల మీద కుంటుతుంది. కిందటేడు వానల్లో వాగు గట్టున జారి పడింది. అదృష్టం కొద్దీ ఎముక విరగలేదు.

మా బావ, అంటే ఆమె పెద్దకొడుకు, నంద్యాలలో పత్తి వ్యాపారం చేసేవాడు. ఉగాదికి వచ్చి భోజనాల దగ్గర తేల్చేశాడు.

"అమ్మా, ఇంక చాలు. దాన్ని ఎవరికన్నా ఇచ్చేద్దాం."

"ఎందుకు? దానికి యా రోగమొచ్చింది?"

"దానికి గాదు. అది కొట్టంలో ఉంటే నువ్వు ఎక్కుతావు. ఈసారి తుంటి ఇరిగిందనుకో, నేను నంద్యాలలో ఉంటా, తమ్ముడు ఆఫీసులో ఉంటాడు. వాగు గట్టున అరిస్తే ఎవరికి ఇనబడతాది?"

ఆయన మాటలో తప్పు లేదు. అది అందరికీ తెలుసు, ఆమెకు కూడా. అన్నం కలుపుతూ, "వానల్లో అవతలి చేను ఎవరు చూస్తారు?" అంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. మృగశిర కార్తె వచ్చేలోపల ఇంట్లో ఇంకొకరు ఆ గుర్రం మీద, బావ చూస్తుండగా, వాగవతలి చేనికి పోయి రావాలి. వస్తే గుర్రం ఉంటుంది. కానీ ఆ రోజు నుంచి అత్త మళ్లీ ఎక్కకూడదు. ఎవరూ పోలేకపోతే, బావ దాన్ని నంద్యాల తోలుకుపోతాడు.

అత్త తన చిన్నకొడుకు వైపు చూసింది. మా ఆయన ఆళ్లగడ్డలో ఒక ఆఫీసులో గుమాస్తా. చిన్నప్పుడు ఇంతకు ముందటి గుర్రం ఆయన భుజం కొరికింది. ఆయన మజ్జిగ వడ్డించుకోవడంలో మునిగిపోయాడు. అప్పుడు ఆమె నా వైపు చూసింది. ఎందుకు తల ఊపానో ఇప్పటికీ చెప్పలేను. నంద్యాలలో నేను జట్కా తప్ప గుర్రానికి సంబంధించినది ఏదీ ఎక్కలేదు.

పట్టీలు తీసిన రోజు నుంచి అసలు పాఠం మొదలైంది. అత్త ముందు జీను తీసేసింది. గోతంపట్టా నాలుగు మడతలు వేసి గుర్రం వీపున కట్టి దాని మీద కూర్చోబెట్టింది. రికాబులు, అంటే పాదాలు పెట్టే ఇనుప కడియాలు, నెల దాకా కంటికి కనబడనీయలేదు. పగ్గాలు కూడా నా చేతికి ఇవ్వలేదు. తను పట్టుకుని ముందు నడిచేది, కుంటుకుంటూ, పంట నూర్చే కళ్లం చుట్టూ. కాళ్లకు ఆధారం లేకపోతే మనిషి ఏం చేస్తాడో నేను అదే చేశాను. మోకాళ్లు పైకి లాక్కుని గుర్రాన్ని కరచుకున్నాను.

"ఏందిమే అది? గుర్రమెక్కినావా, చెట్టెక్కినావా?"

"జారిపోతాను అత్తా."

"పట్టుకుంటాండావు గాబట్టే జారతాండావు. నిమ్మకాయను రెండు వేళ్లతో నొక్కితే యాడ పోతాది? పైకి ఎగురుతాది. నువ్వూ అంతే."

ఇంకోరోజు పెరట్లోకి తీసుకుపోయి దండెం మీద ఆరేసిన చీర చూపించింది. అప్పుడే ఉతికినది, అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. "అది దండేన్ని పట్టుకోనుందా? లేదు. పడతాందా? పడలే. బరువు రెండు పక్కలా కిందికి దిగింది. కాళ్లు అట్ల దిగల్ల. తొడ మొదట్లో వదులు చెయ్, కిందిది దానంతటదే దిగుతాది."

చెప్పినంత సులభం కాదు. వదలమని కాలికి చెబితే కాలు వినదు. వదలాలని ప్రయత్నించడం కూడా ఒక బిగింపే. నడుముకూ తొడకూ మధ్య కీలు ఒకటి ఉంటుందనీ, దాన్ని నేను పుట్టినప్పటి నుంచి ముడుచుకునే ఉన్నాననీ నాకు ఆ నెలలోనే తెలిసింది. రాత్రి పడుకుంటే తొడల లోపలి వైపు సలపరం. మా ఆయన ఆముదం కాచి ఇచ్చేవాడు. ఆ పాఠాల్లో ఆయన వంతు అది.

నాకు పుస్తకాల మీద నమ్మకం ఎక్కువ. మా నాయన బడిపంతులు, ఇంటి నిండా పుస్తకాలే. పుట్టింటికి పోయినప్పుడు గ్రంథాలయంలో వెతికితే పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది, సైన్యంలో గుర్రపు స్వారీ గురించి. అందులో బొమ్మ ఉంది. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీద ఉండాలని గీసి చూపించారు. మడమ కిందికి ఉండాలని రాశారు. బస్సులో ఆళ్లగడ్డ చేరేదాకా దాన్నే మననం చేసుకున్నాను. మా అత్త ఆ వారమే జీను కట్టి రికాబులు ఇచ్చింది. నేను ఎక్కగానే మడమలు బలంగా కిందికి తొక్కాను. మోకాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి, పాదాలు రెండూ గుర్రం భుజాల దాకా ముందుకు పోయాయి. అది రెండడుగులు వేయగానే వెనక్కి వాలిపోయాను.

"అట్లెందుకు చేసినావు?"

"బుక్కులో మడమ కిందికి ఉండల్లని రాసినారత్తా."

"ఆ బుక్కు చదివినోళ్లలో ఎవరన్నా ఎక్కినారా?" అంది. మళ్లీ తనే దగ్గరికి వచ్చి నా పాదం పట్టుకుంది. బొటనవేలి వెనక లావుగా ఉండే భాగం రికాబు కడ్డీ మీద ఆనేటట్టు సర్దింది. మెట్టెలు కడ్డీకి ముందర పడ్డాయి, తగల్లేదు. "బుక్కు తప్పు రాయలే. మడమ దిగల్ల, తొక్కగూడదు. ఒళ్లు బరువు తుంటి కాడ నుంచి మోకాలు దాటి వచ్చి మడమలోకి పోవల్ల. నువ్వు మోకాటి కాడ వాకిలి మూసినావు, ఇంక బరువు యాడికి పోతాది?" ఆ పుస్తకం ఆమె ముందు మళ్లీ తీయలేదు. కానీ బొమ్మలోని నిలువు గీత ఆమె కూర్చున్నప్పుడు సరిగ్గా అలాగే ఉండేది.

తర్వాత పత్తి పింజ. మా ఇంట్లో అది ఎప్పుడూ ఉండేది. అత్త గింజ తీసిన పత్తిని ఉసిరికాయంత ఉండగా వదులుగా చుట్టి, నా పిక్కకూ గుర్రం పక్కకూ మధ్య పెట్టేది, రెండు వైపులా. కళ్లం చుట్టూ పది సార్లు తిరిగి రావాలి. కాలు ఊగితే పింజ కింద పడుతుంది. కాలు బిగిస్తే నలిగి అట్ట కడుతుంది. దిగాక దాన్ని తీసి చూసేది. మొదటి రోజుల్లో నా పింజలు అప్పడాల్లా ఉండేవి. పక్కింటి ఆమె గోడ మీద నుంచి చూసి, "ఏమక్కా, కోడలితో ఒత్తులు చేపిస్తాండావా?" అనేది. "అవును, నీకూ పంపిస్తా, దీపం పెట్టుకో," అని మా అత్త జవాబు.

నెమ్మదిగా నడకలో పింజ నిలిచింది. నడక నుంచి చిన్న పరుగుకు మారేటప్పుడు మాత్రం రోజూ పడిపోయేది. ఆ మారే క్షణంలో కాలు తనకు తానే బిగుస్తుంది. ఒక ఉదయం మా అత్తకు విసుగొచ్చింది. "దిగు, చూపిస్తా," అంది. బండ మీదికెక్కి, వంగని కాలిని చేత్తో ఎత్తి అవతలికి వేసుకుని, ఎక్కింది. నేను రెండు వైపులా కొత్త పింజలు పెట్టాను. కళ్లం చుట్టూ నడిపించింది, పరుగెత్తించింది, మళ్లీ నడకకు తెచ్చింది. గుర్రానికి ఎప్పుడు చెప్పిందో నాకు కనబడలేదు. నేల మీద నాలుగడుగులకు ఒకసారి ఆగే మనిషి, గుర్రం మీద కుంటిది కాదు. ఆ మోకాలు వంగకపోయినా, కాలు తుంటి నుంచి బరువుగా దిగి ఉన్నచోటే ఉంది. ముఖంలో నవ్వేమీ లేదు. ఏ కూర వండాలా అని ఆలోచిస్తున్నట్టు ఉంది. దిగాక పింజలు పెట్టినప్పటిలాగే ఉన్నాయి. కొట్టం దాకా గోడ పట్టుకుని నడిచింది.

నేను నేర్చుకున్న రోజున ఆమె స్వారీ ఆగిపోతుందని నాకు అప్పుడు గట్టిగా తగిలింది. ఒప్పందం భోజనాల దగ్గర విన్నదే. కానీ వినడం వేరు.

తర్వాతి వారంలో నాకు పరుగు పట్టుబడింది. కాలు బిగుసుకునే ముందు ఊపిరి వదిలితే చాలని తెలిసింది. రెండు రోజులు పింజలు నిలిచాయి. మూడో రోజు నేను ఎడమ కాలు కొద్దిగా కదిపి పింజను పడనిచ్చాను. "చూపిస్తా," అంటూ ఆమె ఎక్కింది. మర్నాడు కుడి కాలు. ఇలా నాలుగు రోజులు. నాలుగు రోజులూ ఆమె కళ్లం చుట్టూ తిరిగింది. నేను బండ మీద కూర్చుని చూశాను. పెద్ద అబద్ధం ఆడుతున్నానన్న భావన కూడా లేదు నాకు.

ఐదో రోజు పింజ పడగానే ఆమె ఎక్కలేదు. చేతికర్ర మీద ఆనుకుని నన్ను చూసింది.

"దిగు."

దిగాను.

"పోయిన వారం నీకు పరుగు కాడ పడేది. ఇప్పుడు నిలబడిన గుర్రం మీద పడతాంది. నీ కాలు నాకు తెలీదామే? ఏందీ నాటకం?"

నేను నేల చూస్తూ, "మీరు ఎక్కుతారని," అన్నాను.

ఆమె గుర్రం మెడ మీద ఈగలు తోలింది. తర్వాత గొంతు తగ్గించి, "నేను ఎక్కేదానికని నువ్వు నేర్చుకోకుండా ఉంటే, మృగశిరకు వాడొచ్చి దీన్ని తోలుకపోతాడు. అప్పుడు నేనూ ఎక్కను, నువ్వూ ఎక్కవు. అది యాడనో నంద్యాల బజార్లో జట్కా లాగతాది. ఇన్ని బుక్కులు చదివినావు, ఇది తెల్లేదా?" అంది. మళ్లీ, "ఎక్కు బిరీన. ఎండ వస్తాంది," అంది.

ఎక్కాను. ఆ రోజు పింజ పడలేదు. ఆ తర్వాత కూడా.

మృగశిరకు రెండు రోజుల ముందే వాన పడింది. బావ ఉదయం బస్సుకు ఆళ్లగడ్డ వచ్చి, అక్కడ నుంచి బురదలో నడిచి వచ్చాడు. కాళ్లు కడుక్కుని కాఫీ కూడా తాగకుండా, "ఏమ్మా, పోదామా?" అన్నాడు. ఆయన, అత్త, మా ఆయన వాగు గట్టున నిలబడ్డారు. నేను నీళ్లలోకి దించాను. నీళ్లు గుర్రం మోకాళ్ల దాకా ఉన్నాయి. అడుగున మెత్తటి మన్ను, గుర్రం ప్రతి అడుగూ చూసి వేసింది. నేను దానికి అడ్డం రాలేదు. అవతలి గట్టెక్కి, చేను చుట్టి, తిరిగి వస్తుండగా, గట్టు వార గడ్డిలోంచి కౌజుపిట్టలు ఒక్కసారిగా లేచాయి. గుర్రం పక్కకు గెంతింది. నా నడుము ఊగింది, ఒక చెయ్యి జూలు మీద పడింది. కాళ్లు ఊగలేదు, బిగుసుకోలేదు. గుర్రం రెండడుగులు వేసి, ఎవరూ తనను పరిగెత్తమనలేదని తెలుసుకుని నిలబడింది. ఊపిరి వదిలాను. మళ్లీ నడిచింది.

ఇవతలి గట్టెక్కేసరికి మా ఆయన ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. బావ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "రేయ్ తమ్ముడూ, ఇంట్లో మొగోడు ఎవరో తేలిపోయింది. రేపటి నుంచి వంట నువ్వు చెయ్," అన్నాడు. మా ఆయన, "చేస్తాండా గదన్నా, ఆముదం కాచేది నేనే," అన్నాడు.

మా అత్త ముందు నన్ను చూడలేదు. గుర్రం దగ్గరికి పోయి, నా పిక్క ఆనిన చోట దాని పక్కను అరచేత్తో తడిమింది. తడిసిన వెంట్రుకలు పడుకున్న దిక్కుకే పడుకుని ఉన్నాయి. "వెంట్రుక చెదరలే," అంది. ఆ మాట నాతో కాదు, పెద్దకొడుకుతో. ఆయన తల ఊపాడు. గుర్రం ఉంటుందని ఇంకెవరూ నోటితో అనలేదు.

ఆ రోజు నుంచి ఆమె ఎక్కలేదు. ఎవరూ కాపలా కాయలేదు. మేమందరం ఊళ్లకు పోయి ఆమె ఒక్కతే ఇంట్లో ఉన్న రోజులు ఎన్నో ఉన్నాయి. అప్పుడూ ఎక్కలేదని పక్కింటి ఆమె చెప్పింది, అడగకుండానే. నేను చేనికి పోయేటప్పుడు పగ్గం పట్టుకునేది. వచ్చేసరికి వాకిట్లో ఉండేది. పైరు గురించి అడిగే ముందు గుర్రం ఎలా నడిచిందని అడిగేది. ఏ గట్టు దగ్గర అడుగు తడబడింది, నీళ్లు ఎంత లోతున్నాయి, ఎండుకట్టెలు చూసి బెదిరిందా. నేను అన్నీ చెప్పేదాన్ని. దాచడానికి ఏమీ ఉండేది కాదు. కొన్నిసార్లు మధ్యలో ఆపి, "ఆడ కాలు ఏం చేసినావు?" అనేది. "ఏం చేయలేదత్తా," అంటే తృప్తిగా లోపలికి పోయేది.

తొమ్మిదేళ్లు అలా పోయి వచ్చాను. గుర్రం మీద నేర్చుకున్నది బతుకులో ఎక్కడెక్కడో పనికొచ్చిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. నాకు అలా రాయడం ఇష్టం లేదు. భయం వచ్చినప్పుడు నేను ఇప్పటికీ బిగుసుకుపోయే మనిషినే. కాలు ఒక్కటే నేర్చుకుంది, అదీ ఆ ఒక్క గుర్రం మీద.

గుర్రం ఎనభైల చివర్లో పోయింది, ముసలిదై, కొట్టంలోనే. మా అత్త ఆ తర్వాత రెండేళ్లు ఉంది. చివరి నెలల్లో మంచం మీద ఆమెను పక్కకు తిప్పడానికి ఇద్దరం కావాల్సి వచ్చేది. కుడి కాలును ఎత్తి పట్టుకునేది నేనే. బరువు పూర్తిగా నా చేతుల్లోకి వదిలేది. అంత జబ్బులో కూడా ఆ కాలు బిగించేది కాదు. ఒకరోజు నేను జాగ్రత్తగా దించుతుంటే, "నేర్చుకున్నావు," అంది.

ఆమె పోయాక మళ్లీ గుర్రం కొందామని ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు. వాగు మీద వంతెన వేశారు, ట్రాక్టర్లు వచ్చాయి, మా ఆయన మోపెడ్డు కొన్నాడు. చేను చూసి రావడానికి మా ఊళ్లో ఇప్పుడు ఎవరూ గుర్రమెక్కరు.